పుస్తకం ప్రకారం ఓర్సోలమ్మ

ఇటలీ దేశంలో అచ్చుయంత్రాలు కొత్తగా దిగి, కాస్త పరపతి ఉన్న ప్రతివాడూ ఏదో ఒక పుస్తకం వేయించుకుంటున్న రోజులవి. ఒక ఏటికి ఇవతల రొక్కేలా అని ఒక ఊరు, అవతల మొల్వేదా అని ఒక ఊరు. మధ్యన ఒకే వంతెన, వంతెనకి రొక్కేలా వైపు ఒక కోటగుమ్మం. రెండూళ్ళవాళ్ళూ తాగేది ఒకే ఏటి నీళ్ళు, చేసే వంటలూ ఒకటే. అయినా ఒకళ్ళని చూసి ఒకళ్ళు కుళ్ళుకునేవాళ్ళు.

అప్పట్లో ఆ ప్రాంతాల్లో పునీతుల పిచ్చి బాగా ముదిరింది. పునీతులంటే భక్తి వేరు, అది ఎప్పుడూ ఉండేదే, మంచిదే. ఇది అది కాదు. ఊరికో పునీతుడు ఉండాలి, ఆయనకో సమాధి ఉండాలి, సమాధి ముందు యాత్రికులు బారులు తీరాలి, వాళ్ళకి పూటకూళ్ళవాళ్ళు నిన్నటి చారు వేడిచేసి పొయ్యాలి. అదీ సంగతి.

మొల్వేదాకి ఆ అదృష్టం పట్టింది. దారినపోయే సన్యాసి ఒకాయన, ఎక్కడికో వెళ్తూ వెళ్తూ ఎండకి తాళలేక వాళ్ళ పొలిమేరలో ప్రాణం వదిలాడు. అక్కడి కట్టుబాటు ఏమిటంటే, పునీతుడు ఎక్కడ పుట్టాడు, ఎక్కడ పెరిగాడు అన్నది ఎవరికీ పట్టదు. ఊపిరి ఏ ఊళ్ళో వదిలితే ఎముకలు ఆ ఊరివి. ఆయన ఇంకో నాలుగడుగులు వేసి వంతెన దాటి ఉంటే రొక్కేలా వాడే అయ్యేవాడు.

“నాలుగడుగులు వెయ్యలేకపోయాడా మహానుభావుడు!” అని రొక్కేలా నగరాధ్యక్షుడు బాల్దో దొర భోజనానికి కూర్చున్నప్పుడల్లా కుమిలిపోయేవాడు. ఆ కుమిలిపోవడం వల్లనో, పళ్ళెంలో మాంసం ఎక్కువై ఆకుకూర తక్కువ కావడం వల్లనో, ఆయనకి మలబద్ధకం పట్టుకుంది. వైద్యులు వచ్చి నాడి చూశారు, రక్తం తీశారు, గ్రహాలు లెక్కగట్టారు. గ్రహాలు కదిలాయి గానీ దొరగారి కడుపు కదల్లేదు.

మన ఓర్సోలమ్మ వచ్చేది ఇక్కడే.

అసలు పేరు ఓర్సోలా. అంజూరపళ్ళు డాబా మీద ఎండబెట్టి అమ్ముకునే ముసలావిడ. మొగుడు నార్దో పోయి చాలాకాలమైంది. ఐదుగురు బిడ్డల్ని కని పెంచింది. అందులో ఒక కూతురు తొలికాన్పులోనే కన్నుమూస్తే, ఆ పసికందు నన్నీనాని తన ఒళ్ళోనే పెట్టుకుని సాకింది. ఆవిడ నోరు మూతపడటం ఊళ్ళో ఎవరూ చూడలేదు. నిద్రలో కూడా బేరాలాడేదట. తిండి దగ్గరా అంతే, మొహమాటం లేదు. అలాంటి మనిషి దొరగారి వంటవాడి మొహం చూసి జాలిపడి, ఇన్ని ఎండు అంజూరాలు చేతిలో పోసి, “నానబెట్టి పొద్దున్నే నీళ్ళతో సహా తాగించు నాయనా, ఆ తర్వాత దారికి అడ్డం రాకు” అంది.

మర్నాడు బాల్దో దొర సభలోకి వచ్చిన తీరు చూసి సభ్యులు లేచి నిలబడ్డారు. మొహం అంత వెలిగిపోతోంది.

“బంధింపబడినది విడిపింపబడెను!” అన్నాడు దొర, కళ్ళనీళ్ళతో. “వైద్యశాస్త్రం చేతులెత్తేసిన చోట ఒక పేద వితంతువు హస్తం పనిచేసెను. సభ్యులారా, దీనిని ఏమందురు?”

“అద్భుతం!” అన్నారు సభ్యులు. వాళ్ళలో ఒకాయన అంజూరం అనబోయి ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం సభ సభంతా కట్టగట్టుకుని ఓర్సోలమ్మ డాబా ఎక్కింది. ఆవిడ పళ్ళు తిరగేస్తోంది.

“తమరేనా ఓర్సోలా?”

“నేనే నాయనా. కాలు చూసుకుని పెట్టండి, పళ్ళు తొక్కుతున్నారు.”

బాల్దో దొర గొంతు సవరించుకున్నాడు. “సభ ఏకగ్రీవముగా తీర్మానించినది ఏమనగా, సదరు ఓర్సోలా అను వితంతువును ఈ నగరమునకు పునీతురాలిగా రూపొందించుటకై తగు చర్యలు సత్వరమే చేపట్టవలెను.”

“పన్ను మొన్ననే కట్టాను కదా దొరా.”

“పన్ను కాదమ్మా. నువ్వు పునీతురాలివి అవుతావు.”

“అది చచ్చాక సంగతి కదా?”

“తొందరేం లేదు,” అన్నాడు దొర, కాస్త తొందరగానే.

ఓర్సోలమ్మకి నవ్వొచ్చింది. “మీ ఇష్టం నాయనా, ఏమైనా చేసుకోండి. ఈ పళ్ళు ఎండితే మూటకట్టుకుని మొల్వేదా వెళ్ళిపోతాను. అక్కడి మిల్లువాడి పెళ్ళాం నన్నీనా నా మనవరాలే. దానికి తొలిచూలు. వాళ్ళమ్మ పురిటిమంచం మీద ఎలా పోయిందో విన్నది కదా, భయంతో సగమైపోయింది. నొప్పులు వచ్చేసరికి నీ పక్కనే ఉంటానే, నీ చెయ్యి నా చేతిలోనే ఉంటుందే అని మాటిచ్చాను.”

మొల్వేదా అన్న మాట వినగానే సభ్యుల మొహాలు పాలిపోయాయి. ఈ వయసు మనిషి అవతలి ఒడ్డుకి వెళ్ళి, అక్కడేదైనా జరగరానిది జరిగితే? రెండో పునీతురాలు కూడా వాళ్ళకే! అప్పటికప్పుడు డాబా మీదే ఉత్తర్వు రాశారు. తదుపరి ఆదేశముల వరకు సదరు పునీతురాలు వంతెన దాటరాదు.

“చూద్దాంలే,” అనుకుంది ఓర్సోలమ్మ. ఉత్తర్వులు చలికాలానికి నిలవవని ఆవిడ ధీమా.

పునీతురాలికి ముందు ఒక చరిత్ర కావాలి. దాన్ని రాయడానికి ఫౌస్తీనో పండితుణ్ణి పిలిపించారు. ఫ్లోరెన్సులో చదువుకున్న మనిషి. తుమ్మినా పాత గ్రంథాల్లో ఎలా ఉందో అలాగే తుమ్ముతాడు. కాగితాలు పరుచుకుని ఓర్సోలమ్మ వంటింట్లో కూర్చున్నాడు.

“అమ్మా, తమ శైశవంలో జరిగిన అద్భుతాలు సెలవివ్వండి.”

“అద్భుతాలా? మా అమ్మ చెప్పేది, నేను పాలకి ఏడిస్తే వీధి చివర గాడిదలు బెదిరి పరుగెత్తేవట. అది చాలక కరిచేదాన్నట కూడా.”

పండితుడు రాశాడు. రాసింది పైకి చదివాడు. “శిశువుగా ఉండగనే శుక్రవారములందు తల్లిపాలు ముట్టకుండెను.”

“నేను చెప్పింది అది కాదే!”

“పునీతుల చరిత్రలో శిశువు శుక్రవారం పాలు ముట్టకూడదమ్మా. అది శైలి.”

“ఆకలేస్తేనో?”

“శైలికి ఆకలి ఉండదు. తర్వాత? వివాహ ప్రయత్నాలు?”

“ప్రయత్నమేంటి, పెళ్ళే అయింది. నార్దో అని, గాడిదల మీద సరుకు తోలేవాడు. బంగారంలాంటి మనిషి. నవ్వితే భుజాలు కూడా ఊగేవి.”

“దుర్మార్గుడైన ఒక గార్దభ చోదకుడు ఆమెను మోహించి, భంగపడి, పశ్చాత్తాపముతో మఠమున చేరెను.”

ఓర్సోలమ్మ గరిటె పక్కన పెట్టింది. “ఐదుగురు పిల్లలు నాయనా నాకు!”

“ఆమె చేరదీసిన ఐదుగురు అనాథలు.”

“ఆ నొప్పులు నేను పడ్డాను!”

“కన్యగా ఉంటేనే వాక్యానికి నిండుతనం వస్తుందమ్మా.” అతను నిజంగానే బాధపడుతున్నట్టు చెప్పాడు. చెడ్డవాడు కాదు, బాగా చదువుకున్నాడు అంతే.

“పోనీ ఆ దుర్మార్గుడు అన్న మాటైనా తీసెయ్.”

“తీస్తే వాక్యం కుంటుతుంది.”

“అయితే నాలుగు ముద్దలు తిని వెళ్ళు, నువ్వూ కుంటుతున్నట్టే ఉన్నావు,” అని ఓర్సోలమ్మ బీన్సు కూర వడ్డించింది. అతను మారు వడ్డించుకుని తిని, గిన్నె తుడుచుకుని, ఇంటికెళ్ళి, ఆమె జీవితాంతం అడవి ఆకులూ మంచినీళ్ళతోనే గడిపిందని రాశాడు.

పుస్తకం ఆ ప్రాంతపు గుళ్ళన్నిటికీ పెద్ద అయిన మేత్రాణులవారి కార్యాలయానికి వెళ్ళింది. వాళ్ళు చదివి మురిసిపోయి, ఇందులో ప్రతి అక్షరమూ సత్యమని ముద్ర వేసి, అచ్చుకి పంపారు. దాంతోపాటు ఒక నిబంధన కూడా వచ్చింది. బాల్దో దొర దాన్ని కోటగుమ్మం దగ్గర డప్పు కొట్టించి చదివించాడు.

“ఆమోదము పొందిన చరిత్రకును, సదరు చరిత్రకు సంబంధించిన వ్యక్తికిని భేదము కనబడిన యెడల, వ్యక్తిని సవరించవలెను.”

మర్నాటి నుంచే సవరణలు మొదలయ్యాయి. ఓర్సోలమ్మ కొడుకులకి, కూతుళ్ళకి తాము అనాథలమని తెలియజేస్తూ తాఖీదులు వెళ్ళాయి. పెద్దకొడుకు అది పట్టుకుని తల్లి దగ్గరికి వచ్చి, “అమ్మా, నేనింక నిన్ను అమ్మా అనకూడదట, పోషకురాలా అనాలట,” అని మొత్తుకున్నాడు. “ఏదో ఒకటి అనరా, ముందు కాళ్ళు కడుక్కుని కూర్చో,” అందావిడ. పుస్తకంలో ఆవిడది మౌనవ్రతం కాబట్టి అలా అనడం కూడా తప్పే. వీధిలో ఆడవాళ్ళు కబుర్లకి వస్తే కళ్ళు పైకెత్తి నిట్టూర్చడానికి మాత్రం అనుమతి ఉంది. ఓర్సోలమ్మ నిట్టూర్పుల్లోనే ఎవరింట్లో ఏం జరిగిందో మొత్తం చెప్పేసేది.

తిండి దగ్గరే అసలు చిక్కొచ్చింది. ఆవిడేమీ తినకుండా చూడటానికి కోటగుమ్మం కాపలా కాసే చెక్కోని ఇంటిముందు నిలబెట్టారు. చెక్కో గుబురుమీసాల నడివయసు మనిషి. పుట్టినప్పుడు మొదటి స్నానం చేయించిన చేతులు ఓర్సోలమ్మవే.

“ఒరే చెక్కో, వంకాయ వేయించుకోవచ్చా?”

చెక్కో బాగా ఆలోచించాడు. “తినకూడదని ఉంది పెద్దమ్మా. వండకూడదని లేదు.”

“మరి వండింది ఏం చెయ్యాలి?”

“జప్తు చెయ్యాలి,” అని చెక్కో జప్తు చేసి, సగం తిని, మిగతా సగం కిటికీలో పెట్టి, వీధిలో ఏదో అలికిడైనట్టు అటు తిరిగి నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడాలో అంతసేపూ నిలబడ్డాడు. రోజూ అదే వరస. కొన్నాళ్ళకి తనిఖీకి వచ్చిన సభ్యులు చెక్కో పొట్ట చూసి ఆశ్చర్యపోయి, పునీతురాలి సన్నిధిలో నిలబడినంత మాత్రాన సేవకులు పుష్టి పొందుతున్నారని మరో అద్భుతం నమోదు చేసుకుని వెళ్ళారు.

ఇదంతా ఓర్సోలమ్మకి తమాషాగానే ఉండేది, చలి మొదలయ్యేదాకా. పళ్ళు ఎండిపోయాయి. మనవరాలి కోసం మంచివి ఏరి ఒక బస్తా నింపి పెట్టుకుంది. ఉత్తర్వు మాత్రం కదల్లేదు. నన్నీనాకి నెలలు నిండాయని మిల్లు నుంచి మనిషి కబురు తెచ్చాడు. అమ్మమ్మ రాకపోతే ఎలా అని రోజూ వంతెన వైపు చూస్తూ కూర్చుంటోందట.

ఓర్సోలమ్మ పట్టుబట్టి బాల్దో దొర దగ్గరికే వెళ్ళింది.

“ఒక్కసారి వెళ్ళొస్తాను దొరా. బిడ్డ బయటపడగానే తిరిగొస్తాను.”

“ఒకవేళ తమరు అక్కడ ఊపిరి వదిలితే?”

“వదలను నాయనా. గట్టిగా పట్టుకునే ఉంటాను.”

“అది తమ చేతిలో లేదు. నగర ప్రయోజనాల రీత్యా ఇంత విలువైన ఎముకలను వంతెన దాటించలేము.”

“ఎముకలు నావి కదా!”

“వినియోగం తమది. యాజమాన్యం నగరానిది.”

ఓర్సోలమ్మకి మొదటిసారి ఏడుపొచ్చింది. బయటికొస్తుంటే మెట్ల మీద ఫౌస్తీనో పండితుడు కనబడ్డాడు. “నాయనా, నీ పుస్తకంలో చివరికి ఏమవుతాను నేను? ఎప్పటికైనా వంతెన దాటుతానా?” అని అడిగింది.

అతను నేల చూపులు చూశాడు. “చివరి అధ్యాయంలో తమరు... మార్టిన్ పునీతుడి పండుగ ముందురోజు మధ్యాహ్నం పరమపదిస్తారు. గంటలు వాటంతటవే మోగుతాయి.”

“ఎల్లుండే కదా పండుగ! రేపా నేను పోయేది? ఎందుకు?”

“ఆకులు రాలే కాలం. వాక్యం చాలా అందంగా కుదిరిందమ్మా.”

మర్నాడు పొద్దున్నే మిల్లు మనిషి మళ్ళీ పరుగెత్తుకొచ్చాడు. నన్నీనాకి నొప్పులు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే సభ సభంతా నల్లబట్టలతో ఓర్సోలమ్మ ఇంట్లోకి దిగింది. గంటలు వాటంతటవే మోగడానికి గుడిలో ఇద్దరు మనుషుల్ని ముందే పెట్టి వచ్చారు. ఓర్సోలమ్మని మంచం మీద పడుకోబెట్టి, చేతులు జోడించి, చుట్టూ నిలబడ్డారు.

మధ్యాహ్నమైంది. గంటలు మోగాయి. ఓర్సోలమ్మ కళ్ళు తెరిచే ఉంది.

“అమ్మా, సమయం మించిపోతోంది,” అన్నాడు బాల్దో దొర మర్యాదగా.

“నాకేం జబ్బులేదే.”

“పుస్తకంలో కూడా జబ్బు లేదు. చిరునవ్వుతో వెళ్తారు.”

సభ్యులు గదిలో ఓ మూలకి చేరి గుసగుసలాడారు. తేదీ మారుద్దామంటే ముద్ర పడిపోయింది. ముద్ర పడిన సత్యాన్ని కాదంటే మతద్రోహం. పోనీ ఆవిడకి సాయం చేద్దామా అన్నాడొకాయన. అలాంటి మాట అనగానే మిగతావాళ్ళు శిలువగుర్తు వేసుకున్నారు, కొంచెం ఆలస్యంగా.

మంచం మీద ఓర్సోలమ్మ మనసు వంతెన అవతలే ఉంది. ఆ పిల్ల ఇప్పుడు ఎవరి చెయ్యి పట్టుకుని ఉంటుందో! ఉన్నట్టుండి లేచి కూర్చుంది.

“దొరా, ఒకటి అడుగుతాను. పుస్తకం ప్రకారం నేను ఇప్పటికే పోయానా?”

“నిస్సందేహంగా. గంటలు కూడా మోగినవి.”

“పుస్తకానికీ నాకూ తేడా వస్తే ఏది నిజం?”

“పుస్తకం.”

“పోయినవాళ్ళకి కాపలా ఉంటుందా?”

“అట్టి నిబంధన లేదు.”

“అయితే మరి పోయాను,” అంది ఓర్సోలమ్మ, చెప్పుల కోసం వెతుక్కుంటూ.

గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. బాల్దో దొర నిజంగానే కళ్ళు ఒత్తుకున్నాడు. “ఎంత పవిత్రమైన మరణం!” అన్నాడు.

“ఆగండి, ఒక షరతు. మా ఆయన్ని దుర్మార్గుడన్నారు. అది తీస్తేనే పోతాను. లేకపోతే ఇక్కడే కూర్చుంటాను, రేపు పండుగకి కూడా వస్తాను.”

సభ్యులు వణికిపోయారు. దొర ఆలోచించి, మరణం మార్చే అధికారం నగరాధ్యక్షుడికి లేదు గానీ ఒక విశేషణం మార్చే అధికారం ఉందని తేల్చాడు. ఫౌస్తీనో కూర్చుని చీటీలు రాశాడు. అచ్చయిన ప్రతి పుస్తకంలో ఆ మాట మీద చీటీ అతికించారు. అందుకే ఆ పుస్తకంలో ఈనాటికీ, “ఉత్తముడైన ఒక గార్దభ చోదకుడు ఆమెను మోహించి, భంగపడి” అని ఉంటుంది. వాక్యం కుంటుతుంది, నిజమే. ఓర్సోలమ్మకి బానే ఉంది.

శవపేటిక వచ్చింది. మోసేవాళ్ళకి బరువు తెలియాలి కదా, లోపల ఏదైనా పెట్టాలన్నారు. ఇల్లంతా వెతికితే మనిషంత బరువున్నది ఒక్కటే కనబడింది, నన్నీనా కోసం దాచిన అంజూరాల బస్తా. ఓర్సోలమ్మ ప్రాణం ఉసూరుమంది. ఒడినిండా ఇన్ని దోసిళ్ళు తీసుకుని, మిగతాది వాళ్ళకి వదిలేసి, దొడ్డిదారిన గుమ్మం వైపు పరుగులాంటి నడక నడిచింది.

కోటగుమ్మం దగ్గర చెక్కో గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

“ఏమైందిరా?”

“నువ్వు పోయావట పెద్దమ్మా!”

“పోయానురా. ఏడువు నాయనా, నీకు మనసుంది. కానీ గుమ్మం తీసి ఏడువు.”

చెక్కో ఆవిణ్ణి పైనుంచి కిందికి చూశాడు. ఏడుపూ అయోమయమూ కలిసి మీసాలు తడిసిపోయాయి. “పునీతురాలు ఓర్సోలాని దాటనివ్వకూడదని ఉత్తర్వు ఉంది.”

“ఆవిడ ఎక్కడుంది ఇప్పుడు?”

“గుడికి మోసుకెళ్తున్నారు. అదిగో, నా కళ్ళముందే.” నిజమే, బజారులో ఊరేగింపు వెళ్తోంది. మోసేవాళ్ళు చెమటలు కక్కుతున్నారు.

“మరి నేనెవరు?”

చెక్కో చాలాసేపు కష్టపడ్డాడు. “మరి... నువ్వెవరు?”

“నన్నీనా వాళ్ళ అమ్మమ్మని. దాటనివ్వకూడదని ఆ మనిషి మీద ఏమన్నా ఉత్తర్వు ఉందా?”

“లేదు,” అన్నాడు చెక్కో. మొహం విప్పారింది. గుమ్మం బార్లా తీశాడు. “జాగ్రత్తగా వెళ్ళు పెద్దమ్మా. మా పునీతురాలు పోయిందని అక్కడ చెప్పు, కుళ్ళుకుని చస్తారు.”

ఓర్సోలమ్మ మిల్లు చేరి చెయ్యి అందించేసరికి నన్నీనా కేకలు పెడుతోంది. “అమ్మమ్మా, పోయావని గంటలు మోగాయి, అందరూ అన్నారు...” అంది ఆ పిల్ల, ఆ చెయ్యి నలిగిపోయేలా పట్టుకుని.

“పోయాన్లేవే. అందుకేగా ఇంతసేపైంది. నువ్వు ఊపిరి బిగబట్టకు, ఒక్క తోపు తొయ్యి.”

పొద్దుగుంకే లోపలే ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. నన్నీనా ఒక అంజూరం నములుతూ ఆ చెయ్యి పట్టుకునే నిద్రపోయింది.

శుక్రవారం నాడు జ్ఞానస్నానానికి బిడ్డని గుడికి తీసుకెళ్ళారు. మొల్వేదా గుడి స్వాములవారు దిగులుగా ఉన్నారు. అవతలి ఒడ్డున కొత్త పునీతురాలి సమాధి నుంచి తేనెలాంటి పరిమళం వస్తోందట. చీమలు కూడా బారులు తీరి వచ్చి, సమాధిలోకి దూరి, మళ్ళీ బారులు తీరి వెళ్తున్నాయట. ఆ నోరులేని జీవుల భక్తి చూసి జనం కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారట.

“అయ్యో!” అని నాలిక కరుచుకుంది ఓర్సోలమ్మ. మనం పులావులో వేస్తామే, ఆ ఘాటైన ఆకు, అంజూరాల మధ్య పరిస్తే చీమ చేరదు. ఆ హడావిడిలో మర్చేపోయింది.

“అయ్యో అనక ఏమంటాంలెండి,” అన్నారు స్వాములవారు. “అంతటి మనిషి మన ఒడ్డుకి ఒక్కసారైనా రాలేదు. పోనీ, ఈ బిడ్డకైనా ఆమె పేరు పెడదాం. ఓర్సోలా. ఆమె అడుగుజాడల్లో నడవాలి. పుస్తకం చదివాను నేను. ఇలాంటి శుక్రవారమే, శిశువుగా ఉండగా, ఆమె పాలు ముట్టేది కాదట.”

అంతలో తల మీద చన్నీళ్ళు పడ్డాయి. బిడ్డ కెవ్వుమంది. బయట మిల్లువాడి గాడిద కట్టు తెంపుకుని పారిపోయింది. నన్నీనా గబగబా కొంగు చాటున చేర్చుకుంటే, ఆ పిల్ల ఒక్క ఉదుటున అందుకుంది.

“అబ్బా, కరుస్తోంది అమ్మమ్మా!”

ఓర్సోలమ్మ వంగి చూసి, మురిసిపోతూ మునిమనవరాలి తల నిమిరింది.

“అచ్చం ఆవిడ పోలికే,” అంది.